నిప్పు ఎక్కడ పుట్టింది?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

మాది శ్రీకూర్మం. శ్రీకాకుళం పట్నానికి దగ్గరే. కూర్మనాథస్వామి గుడి చూడవచ్చినవాళ్లు అక్కడి రెండు ధ్వజస్తంభాలను గురించి వింతగా చెప్పుకుంటారు. నాకు మాత్రం గుడి స్తంభాల మీద చెక్కిన శాసనాలంటే ఎక్కువ ఆశ్చర్యం. వాటిలో చాలా వాటిలో వున్నది, స్వామి ముందు అఖండ దీపం వెలగడానికి పూర్వులు ఇచ్చిన దానాల సంగతేనట. ఒక్క దీపం ఆరకుండా వుండడానికి ఎంత ఏర్పాటు చేశారో చూడండి! ఆ నిప్పే కుందెలో వుంటే దండం పెడతాం. కుందె దాటి చూరెక్కితే గుండె బాదుకుంటాం.

నిప్పంటుకోకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలో మీరు చాలాసార్లు విన్నారు. ఇవాళ నేను చెప్పబోయేది అది కాదు. నిప్పంటుకుని, ఆరిపోయిన తరవాత, అది ఎలా వచ్చిందో ఎలా కనిపెడతారన్నది నా విషయం. "అంతా కాలిపోయాక ఇంక కనిపెట్టడానికేముంటుంది, బూడిద తప్ప?" అంటారేమో. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేదాన్ని. అలా అనుకోబట్టే ఒక ముసలామెకు అన్యాయం చేశాను. ముందు ఆ సంగతి చెబుతాను.

పదిహేనేళ్ల కిందటి మాట. మా పెరట్లో ఆవుల సాల, దాని పక్కన గడ్డిమేటు వుండేవి. మా ఇంట్లో పని చేసే మామ్మకు అడ్డపొగ అలవాటు. మా వైపు తెలియని వాళ్లకు చెబుతున్నాను, చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని పీలుస్తారు. మా ప్రాంతంలో పెద్దవయసు ఆడవాళ్లలో చాలామందికి ఈ అలవాటు వుండేది. ఎండాకాలం, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మామ్మ నూతి దగ్గర కూర్చుని చుట్ట కాల్చుకుని వెళ్లింది. అరగంట తిరక్కుండా సాల అంటుకుంది. దూడను ఎలాగో విప్పగలిగాం గాని, సాలా, గడ్డీ మిగల్లేదు.

ఇంక చెప్పేదేముంది? వీధి వీధంతా ఒక్కటే మాట: "ముసల్ది చుట్ట పీక పారేసింది." నేనూ అన్నాను. మామ్మ నా ఎదుట నిలబడి, "నూతికాడే ఆర్పీసినానమ్మా, నీల్లలో ముంచీసినాను" అని రెండుసార్లు చెప్పింది. నేను వినిపించుకోలేదు. మంట ఇంకా పూర్తిగా ఆరకుండానే, రేపటినుంచి పనిలోకి రావద్దన్నాను.

ఫైరింజనుతో వచ్చిన ఆఫీసరుగారు మంట ఆర్పించాక వెంటనే వెళ్లిపోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని పెరడంతా ఒక చుట్టు చుట్టారు. నేను చుట్ట సంగతి చెప్పబోతే, "ఎవరు చేశారో తరవాత చూద్దాం తల్లీ. ఎక్కడ మొదలైందో ముందు చూడనీండి" అన్నారు. కాలిన సాలలో తొమ్మిది సరుగుడు రాటలు నిలబడి వున్నాయి. "ఈ రాటలు చూడండి" అన్నారు. ప్రతి రాటా పడమటి వైపు లోతుగా బొగ్గయి వుంది, తూర్పు వైపు చెక్క రంగు ఇంకా కనిపిస్తోంది. మంట ఏ వైపునుంచి వస్తే రాట ఆ వైపు ఎక్కువ కాలుతుంది. ఆ రోజు పడమటి గాలి. నుయ్యి తూర్పున వుంది. అంటే నూతి దగ్గరి నిప్పు గాలికెదురు వచ్చి పడమటి వైపు కాల్చాలి. అది కుదరదు కదా! సాలలో వున్న ఒక్క దీపం తీగ కూడా తూర్పు వైపే వుంది. దాని పైతొడుగు మాత్రమే కమిలింది.

తరవాత గడ్డిమేటు పడమటి మొదలుకు వెళ్లారు. అక్కడ నేలలోకంటా కాలి గుంట పడింది. "పొయ్యి బూడిద ఎక్కడ పోస్తారమ్మా?" అని అడిగారు. నా నోట మాట రాలేదు. మేం నీళ్లు కాచుకునేది ఊకపొయ్యి మీద. ఆ బూడిద ఆ గోడవారనే పోస్తాం. ఆ పొద్దున పోసింది నేనే. ఆయన కర్రతో బూడిద కుప్ప కెలికారు. పైన తెల్లగా చల్లగా వున్న కుప్పలోపల ఎర్రగా నిప్పు కనిపించింది. ఊకనిప్పు మంట లేకుండా, పొగ కూడా పెద్దగా లేకుండా గంటల తరబడి లోలోపల రాజుతూనే వుంటుంది. గాలి లేచినప్పుడు ఒక్క కణిక ఎగిరి గడ్డిలో పడితే చాలు.

మామ్మ కోసం రెండో రోజున నేనే వెళ్లాను. "కూలి డబ్బులిచ్చీయండమ్మా, నాను రాను" అంది. మళ్లీ మా గడప తొక్కలేదు.

అందుకే ఆ ఆఫీసరుగారి మాట నాకు మరుపు రాదు. ఎవరు అన్న ప్రశ్నకన్నా ముందు ఎక్కడ అన్న ప్రశ్న అడగాలి. అగ్ని ప్రమాదాల పరిశోధన అంతా ఈ వరసమీదే నడుస్తుందని తరవాత చదివి తెలుసుకున్నాను. ఆ పద్ధతి మన వంటింటి భాషలో చెబుతాను, వినండి.

నిప్పుకు మూడు కావాలి: కాలే వస్తువు, గాలి, వేడి. పొయ్యి ఊదే మనకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పరిశోధకుడు మొదట నిప్పు పుట్టిన చోటు వెతుకుతాడు. ఆ చోట మొదట అంటుకున్న వస్తువేది, దానికి వేడి ఎక్కడినుంచి వచ్చింది, ఆ రెండూ ఒకచోట ఎలా చేరాయి అని తరవాత చూస్తాడు. గడ్డి ఎప్పుడూ అక్కడే వుంది. బూడిద కూడా రోజూ పోసేదే. ఆ రోజు రెంటినీ కలిపింది గాలి. ఈ మూడో సంగతి తేలితేగాని కారణం తెలిసినట్టు కాదు.

చోటు వెతకడానికి తక్కువ కాలిన వైపునుంచి ఎక్కువ కాలిన వైపుకు నడుస్తారు. మీ ఇంట్లో దీపపు గూడు వుంటే ఒకసారి చూడండి. దీపం పైన గోడమీద మసి ఏ ఆకారంలో వుంది? కింద సన్నగా, పైకి పోనుపోను వెడల్పుగా, నిలబెట్టిన జల్లెడగరాటులా వుంటుంది. వేడి పైకి లేస్తుంది, లేస్తూ పక్కలకు విప్పారుతుంది. కాలిన గదిలో కూడా గోడలమీద అలాంటి గుర్తే పడుతుంది. దాని సన్నటి కొన ఎక్కడికి దిగుతుందో, నిప్పు ఆ దగ్గర్లో పుట్టి వుండవచ్చునని మొదటి ఆధారం.

ఇంకో గుర్తు. పాత క్యాలెండరు తీసేస్తే గోడమీద దాని మేర తెల్లగా వుండిపోతుంది కదా? అలాగే గదంతా మసి పట్టినా, ట్రంకుపెట్టె వున్న చోట నేల శుభ్రంగా వుంటుంది. తలుపు మడతబందుల లోపలి మసిని చూసి, మంట వచ్చినప్పుడు తలుపు తీసి వుందో, వేసి వుందో చెప్పవచ్చు. అందుకే కాలిన ఇంట్లో పెట్టె జరిపినా, తలుపు ఊడదీసినా, మనకు తెలియకుండానే సాక్ష్యం చెరిపేసినట్టే. మన ఆడవాళ్లకు మసి కనబడితే చీపురు పట్టడం అలవాటు. ఆ ఒక్క రోజు మాత్రం చీపురు ముట్టకండి.

"ఇల్లు కాలుతుంటే బొగ్గులేరుకున్నట్టు" అని ఎవరినైనా ఎద్దేవా చేస్తాం. ఈ పరిశోధకులు చేసేది అచ్చంగా అదే పని. కాకపోతే ఇల్లు ఆరాక ఏరుకుంటారు, ఒక్కొక్క బొగ్గునూ సాక్షిలా ప్రశ్నిస్తారు.

అయితే సాక్షి చెప్పినదల్లా నమ్మినా ప్రమాదమే. మన పట్నాల్లో ఇల్లు అంటుకుందనగానే "షార్ట్ సర్క్యూట్" అనేస్తారు. కరిగి పూసకట్టిన రాగి తీగ చూపిస్తారు కూడా. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. తీగలు తాకి మెరుపు వస్తే ఆ వేడి పుడుతుంది. కాని వేరే చోట పుట్టిన మంట వచ్చి తీగ తొడుగు కాల్చినా, అందులో కరెంటు వుంటే తీగలు తాకి అలాగే పూసకడతాయి. కాబట్టి ఆ పూస చెప్పేది, మంట తనను చేరినప్పుడు తీగలో కరెంటు వుందని మాత్రమే. మంటకు తల్లి అదేనని చెప్పదు.

గాజు సంగతి ఇంకా విచిత్రం. కాలిన ఇంటి కిటికీ అద్దంమీద సాలెగూడులాంటి సన్నని బీటలు కనబడితే, ఎవరో పెట్రోలులాంటిది పోసి గబుక్కున మంట రేపారని పూర్వం పరిశోధకులే నమ్మేవారు. లాంతరు వాడిన ఏ ఇల్లాలిని అడిగినా చెప్పేది. వేడెక్కిన చిమ్నీమీద ఒక్క నీటిబొట్టు పడితే ఏమవుతుంది? 1991లో అమెరికాలో ఓక్‌లాండ్ కొండలమీద కాలిపోయిన ఇళ్లను నిపుణులు పరిశీలించారు. ప్రయోగాలు కూడా చేసి చూశారు. ఆ బీటలు మంట ఆర్పేటప్పుడు వేడి అద్దంమీద నీళ్లు పడడంవల్ల వస్తాయని తేలింది.

ఇదేదో చిన్న పొరపాటనుకోకండి. అదే 1991 డిసెంబరు 23న టెక్సాస్ రాష్ట్రంలో కోర్సికానా అనే ఊళ్లో ఒక ఇల్లు కాలి ముగ్గురు చిన్న ఆడపిల్లలు చనిపోయారు. అద్దాల బీటలు, నేలమీద మడుగుల్లా కాలిన మచ్చలు చూసి, తండ్రే ఇంటికి నిప్పుపెట్టాడని పరిశోధకులు చెప్పారు. అతని పేరు కామరన్ టాడ్ విల్లింగ్‌హామ్. 2004 ఫిబ్రవరి 17న మరణశిక్ష అమలుచేశారు. నిప్పు ఎవరో పెట్టారనడానికి ఆ గుర్తుల్లో శాస్త్రీయమైన ఆధారం లేదని పేరుమోసిన నిపుణులు తరవాత తేల్చారు.

ఆ నేలమచ్చలు ఎలా వస్తాయంటారా? మూకుడులో నూనె మరీ కాగితే పొయ్యి మంట తాకకుండానే భగ్గుమంటుంది చూశారూ? గది కూడా అంతే. వేడి పొగ కప్పుకింద చేరి చేరి, సుమారు ఆరువందల డిగ్రీలకు వచ్చేసరికి, ఆ వేడికి కింద వున్న మంచం, పరుపు, చాప అన్నీ ఒక్కసారి అంటుకుంటాయి. ఆ తరవాత నేలమీద ఎక్కడపడితే అక్కడ లోతుగా కాలుతుంది. చూసేవాళ్లకు ఎవరో నూనె పోసినట్టే వుంటుంది. అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 1992లో ఈ పరిశోధకులకోసం ఒక మార్గదర్శక గ్రంథం వేసింది. దాని సారం ఇది: తోచిన కారణాలన్నీ రాసుకో, ఒక్కొక్కదాన్నీ ఆధారాలతో పోల్చి కొట్టివెయ్యి, చివరకు ఏదీ నిలవకపోతే తెలియలేదని ఒప్పుకో. మన ఇళ్లల్లో తెలియలేదని ఒప్పుకునేవారెంతమంది చెప్పండి?

గ్యాసు విషయం వేరు. మనం వాడే వంటగ్యాసు గాలికన్నా బరువు. కారితే పైకి పోదు, నీళ్లలా నేలమీద పాకి పల్లాన చేరుతుంది. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం రిఫైనరీలో జరిగిన ఘోరం గుర్తుందా? తెల్లవారుజామున కారిన గ్యాసు మబ్బులా పరుచుకుని, ఎక్కడో నిప్పు తగిలి పేలింది. అరవైమంది దాకా చనిపోయారు. అంటే గ్యాసు ప్రమాదంలో గ్యాసు కారిన చోటు ఒకటి, అంటుకున్న చోటు ఇంకొకటి కావచ్చు. వంటింట్లో కారిన గ్యాసు పక్కగదిలో ఫ్రిజ్ దగ్గర అంటుకోవచ్చు. పరిశోధకుడు రెండూ వెతకాలి. వాసన వస్తే మనం స్విచ్చి వెయ్యకూడదు, వేసివున్నది తియ్యనూకూడదు అనేది ఇందుకే.

కిరసనాయిలు, పెట్రోలు పోశారన్న అనుమానం వుంటే, కాలిన గుడ్డముక్కలూ మట్టీ తీసి ఫోరెన్సిక్ ల్యాబొరేటరీకి పంపుతారు. మనకు విశాఖపట్నంలో ప్రాంతీయ ల్యాబొరేటరీ వుంది. వాటిని మూత బిగుతుగా వున్న గాజుసీసాలోనో, రేకుడబ్బాలోనో పెట్టాలి. ఇంగువను కాగితం పొట్లంలో వుంచితే వారంలో ఏమవుతుందో మనకు తెలుసు. మామూలు ప్లాస్టిక్ సంచిలోనుంచి కూడా ఆ ఆవిర్లు అలాగే పోతాయి.

ఇక్కడ నోరు విప్పి చెప్పుకోవలసిన మాట ఒకటి వుంది. "స్టవ్వు పేలి కోడలు చనిపోయింది" అన్న వార్త మనమంతా ఎన్నిసార్లు చదివాం? నిజంగా ప్రమాదాలూ జరిగాయి. కాని ఎన్నో ఇళ్లల్లో ఆ స్టవ్వునెవరూ పరీక్షగా చూడలేదు. పేలిన స్టవ్వు టాంకీ ఉబ్బాలి, చీలాలి. వంటింటి గోడమీద మసి స్టవ్వునుంచి పైకి లేవాలి. స్టవ్వు చెక్కుచెదరకుండా గూట్లో వుండి, మనిషి మాత్రం కాలిపోతే, ఆ రెంటికీ పొంతన ఎక్కడ? మంటలు వచ్చినప్పుడు మనిషి ఊపిరి పీలుస్తూ వుందా లేదా అన్నది శవపరీక్షలో గాలిగొట్టంలోని మసి చెబుతుంది. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ అనుమానాస్పదంగా చనిపోతే శవపరీక్షకు పంపాలని 1983లోనే చట్టం సవరించారు. 2024 జూలైనుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ నియమం వుంది. పక్కింట్లో అలాంటిది జరిగితే, వాళ్ల పరువుకోసమని వంటిల్లు కడిగిపెట్టడానికి మనం చెయ్యి సాయం పట్టకూడదు. ఆ పిల్ల తరఫున మాట్లాడడానికి మిగిలింది ఆ గోడా, ఆ స్టవ్వే. నిజంగా ప్రమాదమే అయితే, అత్తవారిని నిందనుంచి కాపాడేదీ అవే.

మన దగ్గరలోనే ఈమధ్య జరిగినది చెప్పి ముగిస్తాను. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో మంటలు లేచి, జెట్టీ దగ్గర కట్టిన మరపడవలు పదులకొద్దీ కాలిపోయాయి. పడవల్లో డీజిలు వుంది, వంటకు గ్యాసు సిలిండర్లు వున్నాయి, నైలాను వలలున్నాయి. ఒక్కదానినుంచి మరొకదానికి పాకడం ఎంతసేపు? మా శ్రీకాకుళం తీరంనుంచి ఆ హార్బరుకు పనికి వెళ్లే కుటుంబాలెన్నో. తెల్లవారేసరికి ఒక కుర్రవాడి పేరు ఊరంతా పాకింది. వాడే చేశాడన్నారు. పోలీసులు అతన్ని పట్టుకెళ్లి ప్రశ్నించారు. తీరా సీసీ కెమెరాల బొమ్మలు వరసగా చూసి, మంట మొదట ఏ పడవ దగ్గర లేచింది, అంతకుముందు అక్కడినుంచి ఎవరు వెళ్లారు అని పరిశీలించాక, వెదుకులాట వేరే వైపు తిరిగింది. కొద్దిరోజులకు ఇంకో ఇద్దరిని అరెస్టు చేశారు. ఒక పడవలో కూర్చుని తాగుతూ చేపల వేపుడు చేసుకుని, కాల్చిన సిగరెట్టు పీక పారేస్తే, అది పక్క పడవలోని నైలాను వలమీద పడిందని పోలీసులు ప్రకటించారు.

చూశారా? మా పెరట్లో చుట్ట పీక కాదు, అక్కడ సిగరెట్టు పీకే అని తేలింది. కాబట్టి పొగతాగేవాళ్లు నిర్దోషులనీ, దోషులనీ నేననడంలేదు. రెండు చోట్లా జనం మొదట అన్నది వేరు, చోటు వెతికాక తేలింది వేరు. అంతే నేను చెప్పేది.

భగవంతుడు అలాంటి అవసరం రానివ్వకూడదు గాని, వస్తే ఇవి గుర్తుంచుకోండి. ముందు మనుషులు బయటికి రావాలి. 101కి గాని, 112కి గాని ఫోను చెయ్యాలి. గ్యాసు కారుతుంటే 1906. మంట ఆరాక అధికారులు చూసేదాకా ఏదీ కదపకండి, కడగకండి. చేతిలో ఫోను వుంటే నాలుగు వైపులా ఫొటోలు తియ్యండి. మొదట పొగ ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, అప్పుడు గంటెంత, తలుపులు ఎలా వున్నాయి, గాలి ఎటు వీస్తోంది, ఇవి ఆ రోజే ఒక కాగితంమీద రాసుకోండి. రేపటికి నలుగురు నాలుగు మాటలు చెప్పి మన జ్ఞాపకాన్ని కూడా మార్చేస్తారు. అగ్నిమాపక శాఖవారి నివేదిక అడిగి తీసుకోండి. ఇన్సూరెన్సుకూ, పరిహారానికీ అదే ఆధారం.

పట్నంలో వుండే మీకు గడ్డిమేట్లు, ఊకపొయ్యిలు వుండవు. పనిమనిషి వుంటుంది, కొత్తకోడలు వుంటుంది, పక్కవాటాలో అద్దెకున్నవాళ్లుంటారు. ఇల్లు కాలినప్పుడు కోపం ఎప్పుడూ బలహీనులవైపే పోతుంది. ఆ కోపంలో వేలు చూపించే ముందు, ఒక్కసారి రాటలు ఏ వైపు కాలాయో చూడండి. నేను చూడలేదు. మామ్మ పోయి నాలుగేళ్లయింది. మా ఇంట్లో ఇప్పుడు ఊకపొయ్యి లేదు గాని, ఇప్పటికీ ధూపం వేసిన బూడిద పారెయ్యాలన్నా నీళ్లు చల్లి, చేత్తో తాకి చూసిగాని గడప దాటనివ్వను.